ఆషాఢం దయ్యంతో ఆదిలాబాద్ దాకా

దయ్యాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బస్సెక్కిన వాళ్ళు ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, మొన్న చలికాలం మొదట్లో నేను ఆ పని చేశాను. దయ్యం పేరు రాజమణి. కరీంనగర్‌లో జాకెట్లు కుడుతుంది. మోకాళ్ళ నొప్పులున్నాయి, టీలో చక్కెర వేసుకోదు, ఎదురు మాట్లాడితే ఊరుకోదు. మా అమ్మే. మా వైపు అమ్మను అవ్వ అంటాం కాబట్టి ఇకమీద అలాగే అంటాను.

ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకు ఆషాఢం వచ్చిందంటే పని ఉండేది కాదు. మూఢం ఒకటి, ఆషాఢం ఒకటి. పెళ్ళిళ్ళు బంద్, కెమెరా ఖాళీ. అవ్వ కుట్టుమిషన్ పక్క దుకాణంలోనే సత్తన్న స్టూడియో. ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. ఆ ఖాళీ నెలలో స్నేహితులను పోగేసి నాలుగు దయ్యం కథలు తీశాడు. నాలుగూ కలిపి ‘ఆషాఢం దయ్యాలు’. వీడియో షాపుల్లో అద్దెకివ్వాలని, కేబుల్ టీవీలో వేయించాలని ఆయన ఆశ. పొగకు సాంబ్రాణి, నెత్తుటికి కుంకుమ నీళ్ళు, దయ్యం గొంతుకు ఖాళీ కుండలో నోరు పెట్టి అరవడం. పెళ్ళిళ్ళలో వాడే మిక్సర్ తప్ప ఇంకోటి లేదు కాబట్టి ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి మారేటప్పుడు గుండె ఆకారం విచ్చుకుంటుంది. దయ్యం వేషం కట్టిన మా అవ్వ ఆ గుండెలోంచి తెల్లచీరతో నడిచి వస్తుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో నాతో వీడియో ఎడిటింగ్ పనిచేసే పిల్లలు ఫోనులో శుభ్రంగా తీసిన దయ్యం సినిమాలకు గీతలూ చుక్కలూ కావాలని అద్దుతున్నారు, పాత క్యాసెట్‌లా కనబడాలట. సత్తన్న సినిమాలో ఆ గీతలు ఊరికే వచ్చాయి. ఓ మూతపడ్డ వీడియో షాపాయన దగ్గర నాకు మొదటి మూడు కథలు దొరికాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించి అవ్వకు చూపించాను. మూడింట్లోనూ జుట్టు మొహం మీద పడి ఉంటుంది. మొహం కనబడేది నాలుగో కథ చివర, జుట్టు పైకెత్తినప్పుడు. ఆ కథ మాత్రం లేదు.

"ఆ కెమెరాల కన్ను పెట్టి సూసింది సత్తన్న ఒక్కడే. మస్తుగొచ్చిందన్నడు. నేనైతే సూడలే," అంది అవ్వ. "నా మొఖం నేను సూసుకోవాలె బిడ్డా."

అదే ఏడాది అవ్వ పెళ్ళయింది. దయ్యం వేషం వేసిందంటే ఎవరేమంటారోనని ఇంట్లోవాళ్ళు ఆ మాటే ఎత్తనివ్వలేదు. పెళ్ళికి ముందు తీసిన ఫోటో కూడా ఒక్కటి లేదు. అందుకే బయల్దేరాం.

కరీంనగర్: అటక మీది యంత్రం

సత్తన్న స్టూడియో ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం. మనిషి బక్కచిక్కాడు, గొంతు మాత్రం అదే అంటుంది అవ్వ. ఇంటి నుంచి సర్వపిండి తెప్పించి పెట్టాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు వేసి గిన్నెకు అంటించి కాల్చిన ఆ రొట్టె అంచు కరకరలాడుతుంటే దేనికి వచ్చామో నేను కాసేపు మరిచిపోయాను. అవ్వ మరిచిపోలేదు.

"నాలుగోది ఏమాయె అన్నా?"

"పోయింది చెల్లె."

"ఎటు పోయింది? కాళ్ళున్నయా దానికి?"

సత్తన్న నా వైపు చూశాడు. నేను సర్వపిండి వైపు చూశాను. ఇక తప్పదని చెప్పాడు. "శ్రావణం అచ్చింది. ఒకటే ముహూర్తాలు. ఖాళీ క్యాసెట్లు దొరుకలే. పక్కకు వెట్టినయాట్ల కెల్లి ఒకటి గుంజిన. జమ్మికుంట పత్తి సావుకారి బిడ్డ పెండ్లి దాని మీద ఎక్కిచ్చి ఇచ్చిన."

చూడని వాళ్ళ కోసం చెప్పాలి. క్యాసెట్ మీద మళ్ళీ ఏదీ ఎక్కించకుండా ఉండాలంటే అంచున ఒక చిన్న పలుకు విరగ్గొట్టేవాళ్ళు. మనసు మారితే ఆ గుంత మీద టేపు ముక్క అంటించేవాళ్ళు. అంతే, కొత్త క్యాసెట్ కింద లెక్క. సత్తన్న అదే చేశాడు. కాకపోతే పెళ్ళి రీలు కంటే పొట్టిదైంది. పెళ్ళి అయిపోయాక మిగిలిన రీలులో దయ్యం అలాగే ఉండిపోయింది.

"ఆదిలాబాద్‌ల పిల్ల అత్తగారింట్ల అందరు గూసోని సూస్తుండ్రట. ఒప్పగింతలు కాంగనే నువ్వు అచ్చినవ్. పిల్ల అన్న ఈడిదాక అచ్చి లొల్లి జేసిండు. నాకు బయమైంది. మా క్యాసెట్ మంచిదే, మీ ఇండ్లనే ఏమన్న ఉన్నదేమో సూసుకోండ్రి అన్న."

అవ్వ చేతిలో ఉన్న ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "ఒక ఆడిపిల్ల సంసారంల దయ్యాన్ని వెట్టినవా అన్నా?"

సత్తన్న లేచాడు. అటకెక్కి పాత వీసీఆర్ దించి, దుమ్ము దులిపి, వైర్లతో సహా నా చేతుల్లో పెట్టాడు. నిండు నీళ్ళ బిందె అంత బరువుంది.

జమ్మికుంట: పత్తి మధ్యలో

పత్తి సీజన్‌లో జమ్మికుంట మార్కెట్ యార్డు చూడాల్సిందే. బండ్లు, ట్రాలీలు, ఆటోలు, ఎటు చూసినా తెల్లగా పత్తి. రైతులు దాని మీదే పడుకుంటారు, దాని మీదే కూర్చుని సద్ది తింటారు. కొనేవాళ్ళు గుప్పెడు పీకి, రెండు వేళ్ళతో సాగదీసి చూసి, మొహం చిట్లించి రేటు చెబుతారు. మా చెల్లెలికి సంబంధాలు చూసినప్పుడు వచ్చినవాళ్ళు కూడా సరిగ్గా అలాగే మొహం చిట్లించారని నాకు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

పెళ్ళికూతురి పేరు సువర్ణ అని సత్తన్న చెప్పాడు. ఆమె అన్న యార్డు ఎదురుగానే పత్తి కొట్టు నడుపుతున్నాడు. మిర్చి బజ్జీలు తెప్పించి, టీ ఇచ్చి, ఎక్కడివాళ్ళని అడిగేదాకా మర్యాదగానే ఉన్నాడు. క్యాసెట్ మాట ఎత్తగానే కుర్చీలోంచి లేచాడు.

"గా ముచ్చట మళ్ళ తియ్యకుండ్రి. గా ఫోటువాడు అన్న మాట మా చెల్లె అత్తగారు పట్టుకున్నరు. పురుగువడి పత్తి పోతే మా చెల్లె తెచ్చిన దయ్యమే. మామకు పానం బాగలేకుంటె మా చెల్లె తెచ్చిన దయ్యమే. మీరెవలు అసలు?"

"దయ్యాన్ని," అంది అవ్వ.

ఆయన అవ్వను పైనుంచి కిందికి చూశాడు. అవ్వ జుట్టునిండా పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. అవ్వ అంతా చెప్పింది, సత్తన్న అబద్ధంతో సహా. ఆయన మళ్ళీ కూర్చుని అంతా విన్నాడు. తర్వాత లోపలికి పోయి సకినాల డబ్బా తెచ్చాడు.

"మా సువర్ణకియ్యుండ్రి. వాళ్ళన్న తోలిండని చెప్తె లోపటికి రానిస్తరు. గని అక్కా, పోతె మాత్రం మొత్తం కడిగి రావాలె. సగంల ఇడిసిపెట్టి అస్తె మా చెల్లె బతుకు ఇంకింత కరాబైతది."

దాంతో మాకు పని రెండింతలైంది. అప్పటిదాకా అవ్వ మొహం ఒక్కటే వెతుకుతున్నాం.

మంచిర్యాల: పట్టపగలు ఆట

జమ్మికుంటలో రైలెక్కి, గోదావరి దాటి మంచిర్యాలలో దిగాం. అవ్వ వంతెన మీద నుంచి గోదావరికి దండం పెట్టి, పైసలు వేయబోతే కిటికీ జాలి అడ్డొచ్చి రూపాయి మళ్ళీ ఒళ్ళోనే పడింది. గంగమ్మ వద్దన్నదిలే అని కొంగున కట్టుకుంది.

లాడ్జిలో వీసీఆర్ పరీక్షిద్దామని ఎందుకనుకున్నానో గానీ మంచిదైంది. మీట నొక్కితే గురగురమంది తప్ప, వెంట తెచ్చిన మొదటి మూడు కథల క్యాసెట్ తిరగలేదు. స్టేషన్ దగ్గర మిక్సీలు బాగుచేసే ఆయన మూత విప్పి చూశాడు. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా సాగుతోంది. పాత టేప్‌రికార్డర్లోంచి ఇంకో బెల్టు పీకి వేశాడు. మా కథంతా విన్నాడు కదా, పైసలు ఎంతని అడిగితే వద్దన్నాడు. "మీ దయ్యాన్ని జర సూపెట్టుండ్రి సాలు," అన్నాడు.

దుకాణంలో టీవీ ఉంది. మొదటి కథ మొదలైంది. కాసేపటికి డ్యూటీ దిగి వస్తున్న బొగ్గుబాయి కార్మికులు, కూరగాయల సంచులతో ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు గుమ్మం ముందు పోగయ్యారు. ఎర్ర గుండె విచ్చుకుని తెల్లచీర కనబడగానే అందరూ పగలబడి నవ్వారు. సాంబ్రాణి పొగలో దయ్యం దగ్గరికొస్తున్నకొద్దీ నవ్వు తగ్గింది. ఒకావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. పట్టపగలు, రోడ్డు మీద హారన్లు, అయినా చెయ్యి పట్టుకుంది. మా సత్తన్న మీద నాకు అప్పుడు మొదటిసారి గౌరవం కలిగింది.

అవ్వ వెనక నిలబడి టీవీని చూడటం లేదు, మనుషుల్ని చూస్తోంది. కథ అయిపోయాక చెయ్యి పట్టుకున్నావిడే గట్టిగా అంది, "ఏం దయ్యమే ఇది, మొఖమే సూపియ్యకపాయె. మొఖం లేనిదానికి బయపడి ఏం లాభం?"

"ఆదిలాబాద్‌ల ఉన్నది దాని మొఖం," అంది అవ్వ. ఆవిడ అయోమయంగా చూసింది.

అడవి దారి

మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ బస్సు జన్నారం, ఉట్నూరు మీదుగా టేకు అడవిలోంచి పోతుంది. ఎండిన టేకాకులు బస్సు గాలికి లేచి మళ్ళీ పడుతుంటాయి. ఆడవాళ్ళం కాబట్టి మాకు సున్నా టికెట్టు. వీసీఆర్ అవ్వ ఒళ్ళో ఉంది, కింద పెట్టనివ్వదు.

"ఏందమ్మా గది?" అన్నాడు కండక్టరు.

"దయ్యాన్ని ఆడిచ్చేది."

"దయ్యం ఆడిదా మొగదా?"

"ఆడిదే."

"అయితె దానికి సుత టికెట్ లేదు తియ్యి," అని ముందుకు పోయాడు. బస్సంతా నవ్వింది, అవ్వ తప్ప. సువర్ణ గడపలో ఏమని మొదలుపెట్టాలో తనలో తానే అనుకుంటూ, పెదాలు కదుపుతూ వస్తోంది. అంత బెరుకుగా అవ్వను నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి పోదామా అన్నాను. నన్ను ఒక చూపు చూసింది, నోరు మూసుకున్నాను.

ఆదిలాబాద్: ఎర్రగుడ్డ మూట

ఆదిలాబాద్ చలి మా చలి కాదు. పొద్దెక్కినా మఫ్లర్లు తీయరు. పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ కోసం వెతికితే అటుకుల పోహా దొరికింది, పైన సన్న కారప్పూస చల్లి. పక్క బల్ల మీద ఇద్దరు సగం తెలుగు సగం మరాఠీలో పత్తి రేటు తిట్టుకుంటున్నారు. ఏ వాక్యం ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగుస్తుందో వాళ్ళకే పట్టింపు లేదు.

సువర్ణ వాళ్ళ ఇల్లు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు వెనక వీధిలో. ఆమె భర్త పత్తి బండితో మార్కెట్‌కు పోయాడట, తలుపు తీసింది ఆమే. సకినాల డబ్బా చూసి పుట్టింటి డబ్బా అని గుర్తుపట్టి, ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో లోపలికి రమ్మంది. హాల్లో మంచం మీద అత్తగారు కమలాబాయి, శాలువా కప్పుకుని. అవ్వ దారంతా వల్లె వేసుకున్నదంతా మరిచిపోయి, నిలబడే చెప్పేసింది.

"పెద్దమ్మా, మీ కోడలి పెండ్లి క్యాసెట్ల అచ్చిన దయ్యాన్ని నేనే. నాకు మీ ఇల్లు తెల్వదు, మీ కోడలు తెల్వదు. గా క్యాసెట్ ఇచ్చినోడు చేసిన తప్పది. మీ కోడలు ఏం తేలే."

సువర్ణ చేతిలో డబ్బా మూత ఊడి కింద పడింది. కమలాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని అవ్వ కాళ్ళ వైపు చూసింది, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని కాబోలు.

"గట్లయితె సాక్ష్యం సూపెట్టు బాయీ," అంది.

క్యాసెట్ దేవుడి గూటి పక్కన అరలో ఉంది. ఎర్రగుడ్డ, పసుపు దారం, ఎండి నల్లబడిన నిమ్మకాయ. ఇన్నేళ్ళూ ఎందుకు పారేయలేదని అడిగాను.

"పారేస్తమంటె అండ్ల మా ఆయన ఉన్నడు. సూస్తమంటె దయ్యం ఉన్నది," అంది కమలాబాయి. "పెండ్లిల ఆయన ఆడిండు. పెండ్లయిన రెండేండ్లకే పాయె. ఆయన నడిసేది, నవ్వేది గా ఒక్క దాంట్లనే ఉన్నది."

ముడి విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు, సువర్ణకూ రాలేదు. అవ్వే విప్పింది. క్యాసెట్ అంచున సత్తన్న అంటించిన టేపు ముక్క పసుప్పచ్చగా అలాగే ఉంది. దాన్ని చూడగానే అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

టీవీ వెనక వైర్లు పెట్టి ఆడించాను. నేరుగా చివరికి పోదామని రీలు ముందుకు పరుగెత్తించాను. తెర మీద జనం కీ ఇచ్చిన బొమ్మల్లా ఉరుకుతుంటే కమలాబాయి కేక వేసింది. "ఆయనను గట్ల ఉరికియ్యకు! సక్కగ నడువనియ్యి."

అందుకని మొదటి నుంచి చూశాం. పెళ్ళి మొత్తం. ఎదుర్కోళ్ళు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ప్రతి దాని మధ్యా విచ్చుకునే ఎర్ర గుండెలు. బ్యాండు మేళం ముందు తెల్ల ధోవతిలో ఒక పెద్దమనిషి రెండు చేతులూ ఎత్తి ఆడుతూ వచ్చాడు. కమలాబాయి శాలువా తీసి పక్కన పెట్టి, ముందుకు వంగి చూసింది. ఆయన తెర నుంచి తప్పుకున్నాక, "దమ్ము తీస్కోకుంటనే ఆడిండు," అంది. సువర్ణ తన పెళ్ళిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. కొత్తగానే చూసింది మరి. ఒక్కసారి చూసి మూటగట్టిన పెళ్ళి. అవ్వ పీట మీద కదలకుండా తన వంతు కోసం కూర్చుంది.

అప్పగింతలు వచ్చాయి. తెర మీద సువర్ణ అన్నను పట్టుకుని ఏడుస్తోంది. ఒక్కసారి గీతలు, చిటపట చప్పుడు. తర్వాత మానేరు నది ఒడ్డు, పొగ, తెల్లచీర.

"ఇగో, ఇక్కడ్నే బంజేసిన," అంది కమలాబాయి. ఆ రోజు లాగే చెయ్యి తెలియకుండానే టీవీ వైపు చాచింది. సువర్ణ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఈపారి సూద్దాం అత్తమ్మా."

దయ్యం నడిచి నడిచి దగ్గరికి వచ్చింది. ఆగింది. చేతులెత్తి జుట్టును రెండు వైపులకూ తీసింది.

పంతొమ్మిదేళ్ళ పిల్ల. బుగ్గల మీద మందంగా పౌడరు, కళ్ళ కింద కాటుక. కోపంగా చూడాలని ఎంతో కష్టపడుతోంది. పెదవి వణికింది, ముక్కు వణికింది, ఇంక ఆగలేక పకపకా నవ్వేసింది. పక్క నుంచి ఒక లేగదూడ వచ్చి ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు నములుతోంది. వెనక నుంచి సత్తన్న గొంతు వినబడింది. "సరె సరె, మస్తుగొచ్చింది, ఇగ పో చెల్లె." అంతే, రీలు అయిపోయింది.

ముందుగా మాట్లాడింది సువర్ణే. నెమ్మదిగా అంది. "అత్తమ్మా, గా దినం మీరు టీవీ బంజేయకపోతె, గీ పిల్ల నవ్వు సూద్దుము గదా."

కమలాబాయి కోడలి వైపు చూడలేకపోయింది. "గీ పిల్లనా? గీ పిల్లకు బయపడి నిన్ను అన్ని మాటలన్ననా నేను?" అని, సువర్ణ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. సువర్ణ ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళది కదా, చాలాసేపు ఏడ్చింది. నేను ఆ ఎండిన నిమ్మకాయను చేతిలో పట్టుకుని ఎక్కడ పారేయాలో తెలియక నిలబడ్డాను.

అవ్వ ఇంకా నల్లటి తెర వైపే చూస్తోంది. "నవ్వు ఆపుకున్న అనుకున్న," అంది. కొంచెం ఆగి, నాకు మాత్రమే వినబడేలా అంది. "మంచిగనే ఉన్న కదనే నేను?"

"మస్తున్నవ్ అవ్వా," అన్నాను.

క్యాసెట్ తెచ్చేసుకోవాలని నేను పంతంగా ఉన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. అండ్ల వాళ్ళ పెద్దాయన ఉన్నడు, ఈడనే ఉండనియ్యి అంది. నేను టీవీ ముందు ఫోను పెట్టి మొత్తం తీసుకున్నాను. వీసీఆర్ కూడా అక్కడే వదిలేశాం. జొన్నరొట్టె, శనగపిండితో ఉడికించిన పిట్ల, నూరిన పచ్చిమిర్చి కారంతో అన్నాల పొద్దు దాటాక తిన్నాం. మేం బయల్దేరేటప్పటికి కమలాబాయి మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకుంది.

మళ్ళీ కరీంనగర్

దిగగానే ఇంటికి పోలేదు. సంచులతోనే సత్తన్న దుకాణానికి పోయాం. సువర్ణ అన్నకు నేను బస్సులోంచే ఫోను చేసి అంతా చెప్పాను, అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. సత్తన్నకు అవ్వ ఫోను చూపించింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూడ వచ్చేసరికి తల పట్టుకున్నాడు.

"నిజం జెప్పన్నా," అంది అవ్వ. "మస్తుగొచ్చిందా గది?"

"రాలే చెల్లె. నవ్వి మొత్తం పాడుజేసినవ్. పొద్దుగూకుతుంది, మబ్బు పట్టింది, నీ మొఖం సూసి చెప్ప మనసొప్పలే. మళ్ళా ఆషాఢం తీద్దామని గా క్యాసెట్ పక్కకు వెట్టిన. మళ్ళా ఆషాఢానికి నీ పెండ్లయిపాయె."

అందుకన్నమాట అది పక్కన పెట్టిన క్యాసెట్లలో పడింది. అవ్వకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె దుకాణం గోడకు అప్పుడే తగిలించిన వచ్చే ఏడాది క్యాలెండర్ దగ్గరికి పోయి, కాగితాలు ఒక్కొక్కటే పైకెత్తుతూ ఆషాఢం ఎప్పుడొస్తుందో చూసింది.

"కెమెరా ఉన్నదా, అమ్ముకున్నవా?"

"ఉన్నది. అటక మీద."

"దించి సాఫ్ జేసి పెట్టు," అంది అవ్వ, జడ ముడి విప్పి నెరిసిన జుట్టు భుజాల మీదికి దులుపుకుంటూ. "ఈపారి నవ్వ."